మూడంగుళాల రైతు

యూరియా బస్తా కోసం మనిషే నిలబడనక్కర్లేదనీ, అతని చెప్పులు నిలబడితే చాలుననీ మొట్టమొదట కనిపెట్టిన మహానుభావుడెవరో ఎర్రకుంటపల్లెలో ఎవరికీ తెలియదు. ఎవరైతేనేం, పుణ్యం కట్టుకున్నాడు. సహకార సంఘానికి లారీ ఎప్పుడొస్తుందో ఆ లారీకే తెలియదు. అందాకా ఎండలో మాడటానికి రైతుకు వేరే పని లేదా ఏమిటి? పొద్దున్నే వచ్చి సంఘం గేటు ముందు చెప్పులు వరుసలో విడవడం, ఎదురుగా ఉన్న రాజేశం హోటల్లో చాయ్ తాగుతూ కూర్చోవడం ఊరి ఆచారం. పొలం గట్టు జానెడు జరిగితే తలలు పగలగొట్టుకునే అన్నదమ్ములు కూడా ఆ వరుసలో ఒకరి చెప్పును ఒకరు అంగుళం జరిపేవాళ్లు కాదు.

ఇంత చక్కగా నడిచే ఏర్పాటు పైవాళ్ల కంట పడకుండా ఎన్నాళ్లుంటుంది? పడింది. జిల్లా నుంచి ఆధునికీకరణ ప్రత్యేకాధికారి ముకుందరావుగారు దిగారు. ఆయన వెంట ఒక కంపెనీ వాళ్లు, ఒక స్తంభం, స్తంభం కొసన ఒక కెమెరా, దాని కింద ఒక మైకు దిగాయి. దాని పేరు రైతుదర్శిని. వరుసలో ఎందరున్నారో అదే చూస్తుంది, అదే లెక్కపెడుతుంది, వచ్చిన లోడును వాళ్లందరికీ సమానంగా అదే పంచుతుంది. మధ్యలో మనిషి చెయ్యి లేదు కాబట్టి అవినీతి లేదు. ఏ పూట లోడు ఆ పూటే పంచేసి గోదాములో నిల్వ సున్నా చేయాలన్నది ముకుందరావుగారి సిద్ధాంతం. నిల్వే లేకపోతే నల్లబజారు ఎక్కడి నుంచి వస్తుందని ఆయన ప్రతి సమావేశంలోనూ అడిగేవారు.

యంత్రానికి ముందు పని నేర్పాలి కదా. కంపెనీ వాళ్లు సంఘం ముందు నెల్లాళ్లు ఫొటోలు తీసి, వాటిని కార్యదర్శి సుదర్శనం ముందు పెట్టి, వరుస ఎక్కడుందో గీసి చూపించమన్నారు. సుదర్శనం నిజాయితీపరుడు. వరుస ఎక్కడుందో అక్కడే గీశాడు. ప్రతి ఫొటోలోనూ చెప్పుల చుట్టూ శ్రద్ధగా గళ్లు గీశాడు. అటు హోటల్ అరుగు మీద కూర్చున్న మనుషులెవరని వాళ్లు అడిగితే, వాళ్లు వరుసలో లేరని ఉన్నమాటే చెప్పాడు. రైతంటే ఎవరో యంత్రానికి ఆ విధంగా బోధపడింది.

ప్రారంభోత్సవం నాడు పెద్దలంతా బూట్లు విడిచి స్తంభానికి కొబ్బరికాయ కొట్టారు. వరుసలో తొమ్మిది మంది రైతులున్నారని రైతుదర్శిని గంభీరంగా ప్రకటించింది. వచ్చిన పెద్దలూ సరిగ్గా తొమ్మిది మందే. ఇంత తెలివైన యంత్రాన్ని తామెక్కడా చూడలేదని అందరూ చప్పట్లు కొట్టి బూట్లేసుకుని వెళ్లిపోయారు.

మొదటి లోడు వచ్చినప్పుడు కూడా ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. మైకు మొదటి రైతును పిలిచింది, మొదటి చెప్పుల మనిషి హోటల్లోంచి లేచి వచ్చాడు. రెండో రైతును పిలిచింది, రెండో చెప్పుల మనిషి వచ్చాడు. తలకు రెండేసి బస్తాలు చొప్పున మధ్యాహ్నానికల్లా పంపకం అయిపోయింది. ఓదెలుకు తప్ప ఊరందరికీ అందింది.

ఓదెలుకు రెండెకరాల మక్క ఉంది. ఒంటి మీద నల్లబట్టలు, మెడలో అయ్యప్ప మాల ఉన్నాయి. పోయినేడు భార్య లస్మవ్వ విషజ్వరంతో మంచాన పడి, డాక్టర్లు పెదవి విరిచినప్పుడు, ఆమె లేచి తిరిగితే మండల దీక్ష చేస్తానని మొక్కుకున్నాడు. ఆమె లేచింది, ఇతను మాల వేసుకున్నాడు. దీక్షలో ఉన్నవాడు చెప్పులు తొడగడు. విడవడానికి చెప్పులు లేవు గనుక ఓదెలు వట్టికాళ్లతో వరుసలో స్వయంగా నిలబడ్డాడు. ముందున్న చెప్పుల్ని పిలిచారు, వెనకున్న చెప్పుల్ని పిలిచారు. మధ్యలో తనొకడున్నట్టు ఆ మైకుకు తెలిసినట్టే లేదు.

అతను వెళ్లి సుదర్శనాన్ని అడిగాడు. సుదర్శనం తెర మీద చూశాడు, కిటికీలోంచి ఓదెలును చూశాడు, మళ్లీ తెర మీద చూశాడు.

"స్వామీ, నువ్వు నాకు కనవడుతున్నవ్. మిషన్ల కనవడ్తలేవు. నాకు కనవడ్డోళ్లకు ఇచ్చే అధికారం నాకు లేదు" అన్నాడు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారికి ఇవ్వాలనే ఉంది, గుడి గడపే ఒప్పుకోవడం లేదు. హోటల్ అరుగు మీద ఈ తమాషా చూస్తున్న కొమురయ్య, శబరిమల ఎక్కినప్పుడు స్వామినే రెండు బస్తాలు అడగమని సలహా ఇచ్చాడు. అందరూ నవ్వారు. ఓదెలు కూడా నవ్వాడు గానీ, ఇంటికొచ్చి చేను చూసేసరికి ఆ నవ్వు ఆరిపోయింది. మక్క మోకాలెత్తు పెరిగింది, అడుగాకులు పండబారుతున్నాయి. ఇప్పుడు మందు పడితే కంకి, పడకపోతే చొప్ప.

యంత్రం సంగతి ఓదెలు కంటే ఊరికి తొందరగా అర్థమైంది. రెండో లోడుకు కొమురయ్య తన చెప్పుల వెనక తన పాత చెప్పులు కూడా పెట్టాడు. ఇద్దరు రైతుల వాటా వచ్చింది. తర్వాతి లోడుకు ఊరంతా అటక మీద చెప్పులు, పెరట్లో చెప్పులు, చచ్చిపోయిన తాత చెప్పులు దులిపి తెచ్చింది. చిన్నపిల్లల చెప్పులను యంత్రం సన్నకారు రైతుల పద్దులో వేసింది. వారం వారం అంగడిలో కూరగాయల కంటే పాత చెప్పుల కుప్పల దగ్గరే రద్దీ. వరుస సంఘం గేటు దాటి, బడి దాటి, బస్సు స్టాపు దాకా పాకింది. లోడు అంతే, చెప్పులు నాలుగింతలు. జతకు అర బస్తాకు మించి రాక, ఎవరికి వాళ్లు మళ్లీ ఇంకో జత వెతుక్కున్నారు.

ముకుందరావుగారు ఈ అంకెలు చూసి పొంగిపోయారు. రైతుదర్శిని ప్రవేశంతో ఎర్రకుంటపల్లెలో రైతుల సంఖ్య నాలుగు రెట్లు పెరిగిందనీ, వలసలు ఆగి జనం సేద్యానికి మళ్లుతున్న శుభ పరిణామం స్పష్టంగా గోచరిస్తున్నదనీ పైకి నివేదిక పంపారు. పైనుంచి అభినందనలు వచ్చాయి. అభినందనల వెనకే ఒక సందేహం కూడా వచ్చింది, ఇంతమంది రైతులకు యూరియా ఎక్కడి నుంచి తేవాలని. దాంతో ఆయన "ఒక రైతు, ఒక జత" పథకం ప్రకటించారు. ప్రతి రైతూ ఒక జత చెప్పులు పాసుబుక్కుతో సహా నమోదు చేయించుకోవాలి. చెప్పులు తొడుక్కుని ఉన్న పాదాలతో ఫొటో దిగాలి. ఆపైన ఆ జత మీద సంఘం ముద్ర పడుతుంది. ముద్ర లేని చెప్పు రైతు కాదు.

ఓదెలు నమోదుకు కూడా వెళ్లాడు. సుదర్శనం గొంతు తగ్గించి, ఎవరివైనా ఒక జతలో ఒక్క క్షణం కాళ్లు పెట్టి తీస్తే చాలు, మిగతాది తను చూసుకుంటానన్నాడు. ఓదెలు తల అడ్డంగా ఊపి వచ్చేశాడు. ఊరి కిటుకు తెలిసి లస్మవ్వ తన చెప్పులు పెడదామనేసరికి ఈ నిబంధన వచ్చిపడింది, పాసుబుక్కు ఆమె పేరు మీద లేదు. అప్పడుగుదామంటే తనకే చాలనివాడు ఎవరికి పెడతాడు? బయటి దుకాణంలో యూరియా కావాలంటే పురుగుమందు డబ్బాలు కూడా అంటగడుతున్నారు. ఆ రాత్రి భార్యాభర్తలకు దానిమీదే వాదన.

"ఒక్క గడియ తొడిగితే అయ్యప్ప కొండ దిగి వస్తడా, స్వామీ?" అంది లస్మవ్వ. మాల వేసుకున్నవాణ్ణి పెళ్లామైనా స్వామీ అనే పిలవాలి.

"ఆయన రాడు. నువ్వు మంచం మీద పండుకున్న రోజు యాదికొస్తది" అన్నాడు ఓదెలు.

లస్మవ్వకు కోపమూ వచ్చింది, కడుపు నిండినట్టూ అయింది.

నమోదు అయ్యాక ఊరికి కొత్త కష్టం మొదలైంది. ముద్ర వేసిన చెప్పు అరిగినా, పట్టీ తెగి కొత్తది వేయించినా యంత్రం గుర్తుపట్టదు. పట్టీ మార్పిడికి దరఖాస్తు పెట్టుకోవచ్చు గానీ అది జిల్లా దాకా పోయి రావాలి. అందుకని నమోదైన చెప్పుల్ని తొడుక్కునే సాహసం ఎవరూ చేయలేదు. తువ్వాల్లో చుట్టి, చంకలో పెట్టుకుని, వట్టికాళ్లతో పొలాలకు నడవసాగారు. పల్లేరుకాయలు గుచ్చుకుంటే కుంటుకుంటూ నడిచారు గానీ చెప్పు కింద పెట్టలేదు. మాల వేసుకోకుండానే ఊరంతా దీక్షలో పడింది. సాయంత్రం పూట చెప్పులు తుడిచి, దూలానికి వేలాడగట్టి, ఎలుకలు కొట్టకుండా కాపలా పడుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

సంఘం కూడా ఊరికే కూర్చోలేదు. యంత్రం ఇచ్చిన వివరాలను బట్టి సంస్కరణలు చేపట్టింది. రైతు సగటు ఎత్తు మూడంగుళాలని తేలింది కాబట్టి ఎండకు వేసిన పందిరిని మోకాలెత్తుకు దించారు. గుంజల కర్ర సగానికి సగం మిగిలింది. ఏ ఒక్క రైతూ నీళ్లు తాగిన దాఖలా లేదు గనుక మంచినీళ్ల కుండలు తీసేశారు. కౌంటరు కిటికీ అంత ఎత్తులో ఉండటం రైతుకు అవమానమని తోచి, దాన్ని మూసి, నేలకు ఆనించి కొత్త కిటికీ కొట్టారు. సుదర్శనం చాప పరచుకుని బోర్లా పడుకుని పంపకం చేసేవాడు. మొదట్లో నడుం పట్టేసింది, తర్వాత అలవాటైంది. నోటీసు బోర్డును కూడా గోడ మొదట్లోకి దించారు. అక్కడ అతికించిన ఉత్తర్వుల్ని మనుషులు చదవడం మానేశారు గానీ మేకలు మాత్రం ఒక్కటీ వదిలేవి కావు.

ఇంత జరిగాక రైతు సదస్సు జరగకపోతే ఎలా? జరిగింది. ముకుందరావుగారు వేదిక మీద నిలబడి, బడి మైదానం నిండా బారులు తీరిన చెప్పుల్ని ఉద్దేశించి చాలాసేపు మాట్లాడారు. హాజరు నూటికి నూరుపాళ్లని యంత్రం చెప్పింది. మధ్యలో లేచినవాడు లేడు, ప్రశ్న వేసినవాడు లేడు, భోజనాలెప్పుడని అడిగినవాడు లేడు. తన ఉద్యోగ జీవితంలో ఇంత పరిణతి చెందిన రైతాంగాన్ని చూడలేదని ఆయన కొనియాడారు.

సదస్సు చివర మైదానం అంచున ఒంటరిగా నిలబడ్డ నల్లబట్టల మనిషి ఆయన దగ్గరికొచ్చాడు. తనకు ఇప్పటిదాకా ఒక్క గింజ యూరియా రాలేదనీ, చేను పండబారి పోతున్నదనీ ఓదెలు చేతులు జోడించి చెప్పాడు. ముకుందరావుగారు శ్రద్ధగా విన్నారు. వినడంలో ఆయనకు ఏ లోపమూ లేదు.

"చూడండి స్వామీ, మీరు ఉన్నారనడంలో ప్రభుత్వానికి ఎటువంటి అభ్యంతరమూ లేదు. అయితే మీ ఉనికి వ్యవస్థలో ప్రతిఫలించలేదు. ప్రతిఫలించని ఉనికికి ఎరువు కేటాయించే నిబంధన ప్రస్తుతానికి లేదు."

"మరి నేనేం జెయ్యాలె, సారూ?"

"ప్రతిఫలించేందుకు ప్రయత్నిస్తూ ఉండండి."

ఓదెలుకు ఒళ్లు మండిపోయింది. దీక్షలో కోపం కూడదని గుర్తొచ్చి ఆ మంటను మింగాడు. ప్రయత్నిస్తూ ఉండమన్నారు గదా అని, చేనుకు నీళ్లు పెట్టే పని లస్మవ్వకు అప్పగించి, ప్రతి ఉదయం సంఘం ముందు చెప్పుల వరుసకు చివర నిలబడటం మొదలుపెట్టాడు. హోటల్లోంచి జనం చూసి జాలిపడేవాళ్లు కొందరు, నవ్వేవాళ్లు కొందరు. అందరికంటే ఎక్కువ నవ్వింది కొమురయ్యే. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని రోజూ అనేవాడు.

ఇంతలో ముకుందరావుగారి వార్షిక నివేదిక రాజధానికి చేరింది. అందులో రైతు సగటు ఎత్తు మూడంగుళాలన్న వాక్యం దగ్గర ఒక పెద్దాయన ఆగిపోయాడట. పెద్దాఫీసులో నివేదిక చదివేవాళ్లు కూడా ఉంటారని ఎవరూ ఊహించలేదు. ఫోన్లు మోగాయి, కంపెనీ వాళ్లు లెంపలేసుకున్నారు, యంత్రానికి బుద్ధి మార్చారు. ఇకమీదట రైతు అనగా రెండు కళ్లు, ఒక ముక్కు కలిగి నిట్టనిలువుగా ఉండు ప్రాణి అని ఉత్తర్వు వచ్చింది. పాదరక్షలను ఎట్టి పరిస్థితుల్లోనూ రైతులుగా పరిగణించరాదని కూడా అందులో ఉంది. దాన్ని సుదర్శనం పద్ధతి ప్రకారం నోటీసు బోర్డుకు అతికించాడు. మేకలు పద్ధతి ప్రకారం తినేశాయి.

మూడు రోజుల తర్వాత లారీ వచ్చింది. నాలుగు వందల నలభై బస్తాలు. ముకుందరావుగారు స్వయంగా పర్యవేక్షణకు వచ్చి కూర్చున్నారు. గేటు ముందు ముద్రలు వేసిన చెప్పులు తళతళలాడుతూ వరుసలో ఉన్నాయి. వాటి యజమానులు హోటల్లో ఉన్నారు. వరుస చివర ఓదెలు ఉన్నాడు. కెమెరా ఒకసారి అటూ ఇటూ తిరిగింది.

"వరుసలో ఒక రైతు ఉన్నారు. లోడు ఒక రైతుకు సమానంగా పంచబడినది" అంది మైకు.

హోటల్లో చాయ్ గ్లాసులు గాల్లోనే ఆగిపోయాయి. జనం పరిగెత్తుకొచ్చేసరికి యంత్రం ఆ పూటకు పని ముగించింది. సుదర్శనం బోర్లా పడుకునే ముకుందరావుగారి వంక దీనంగా చూశాడు. ఆయన కూడా ఒక్క నిమిషం తడబడ్డారు గానీ, అనుభవజ్ఞులు, వెంటనే తేరుకున్నారు. ప్రకటించిన లెక్కను సవరించే అధికారం యంత్రానికి తప్ప మానవమాత్రులకు లేదన్నారు. నిల్వ సున్నా కావలసిందేనన్నారు. ఎర్రకుంటపల్లెలో రైతుల సంఖ్య ఒకటికి తగ్గడం వల్ల తలసరి ఎరువు లభ్యత రాష్ట్రంలోనే అత్యధికమైందని అక్కడికక్కడే కాగితం మీద రాసుకున్నారు. ఓదెలు చేత వేలిముద్ర వేయించి, చేతులు కలిపి, బస్తాల ధరను సంఘంలో అతని పేరున అప్పుగా రాయించి, జీపెక్కి వెళ్లిపోయారు.

గోదాములో దించకూడదు గనుక లారీ తిన్నగా ఓదెలు ఇంటికి నడిచింది. వాకిలి నిండింది, పశువుల కొట్టం నిండింది, మిగిలినవి ఇంటి ముందు బజారులో పేర్చారు. లారీ వెనకే ఊరు వచ్చింది. చేతుల్లో చెప్పులు, కాళ్లకు దుమ్ము. ఎవరో గొణిగారు, ఇప్పుడు స్వామి ఎంత చెబితే అంతే ధర అని. అందరి ముందు కొమురయ్యే నిలబడ్డాడు గానీ తల ఎత్తలేదు.

ఓదెలు బస్తాల మీద కూర్చుని వాళ్లను చూశాడు. పుణ్యపురుషుడని చెప్పను. ఇన్నాళ్ల నవ్వులూ అతని చెవుల్లో ఉన్నాయి. ఒక్కపూట వీళ్లను ఇలాగే నిలబెడితే ఏం పోతుందని అనిపించింది. అలా అనిపించడం హాయిగా కూడా ఉంది. కానీ కొమురయ్య కాలి బొటనవేలు దగ్గర ముల్లు దిగి చీము పట్టింది. అతను ఆ కాలు మోపలేక మడమ మీద నిలబడ్డాడు. దాన్ని చూశాక ఓదెలుకు ఆ హాయి నిలవలేదు.

"ఆ కాలుకు ఏమన్న రాసినవా?" అని అడిగాడు.

"లేదు, స్వామీ" అన్నాడు కొమురయ్య.

"ముందుగాల ఆ చెప్పులు తొడుగు. అందరు తొడుగుండ్రి. తొడిగినోళ్లకే బస్తా."

పంపకం అంత సాఫీగా ఏమీ జరగలేదు. ఎవరికెంత పొలమున్నదో తనకు తెలుసని మొదలుపెట్టాడు గానీ, కౌలు లెక్క దగ్గర రెండుసార్లు తప్పాడు. ఇద్దరు బావమరుదులు బస్తా పట్టుకుని చెరోవైపు లాగారు. ఒకావిడ రెండని చెప్పి మూడు తీసుకుపోయింది. సుదర్శనం సాయానికి వచ్చి, నిలబడి పనిచేయడం అలవాటు తప్పి, కాసేపటికోసారి గోడకు ఆనుకున్నాడు. ఎవరి బస్తాల అప్పు వాళ్ల పేరుకు మార్చే బాధ్యత తనదని మాత్రం గట్టిగా చెప్పాడు. ఇంత గొడవలోనూ వచ్చినవాడి మొహం చూడటం, పేరు పెట్టి పిలవడం, బస్తా భుజానికెత్తడం జరుగుతూనే ఉన్నాయి. పొద్దు వాలేసరికి వాకిలి ఖాళీ అయింది.

చేనుకు నీళ్లు పెట్టి లస్మవ్వ అప్పుడే ఇంటికొచ్చింది. దారి పొడుగునా బస్తాలు మోసుకెళ్లేవాళ్లు ఎదురై అంతా చెప్పారు. ఆమె నవ్వుతూ వాకిట్లోకి వచ్చి, కొట్టంలోకి తొంగిచూసి, ఇంట్లోకి వెళ్లి, మళ్లీ బయటికొచ్చింది.

"స్వామీ, మన రెండు బస్తాలు ఏడబెట్టినవ్?"

ఓదెలు నోరు తెరిచాడు. వేళ్లు మడిచి ఏదో లెక్కపెట్టాడు. వాకిట్లో ఇంకా మిగిలిన పదిమందీ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"మిషన్ కంటికి ఆనలేదని నెల దినాల సంది దాన్ని తిడ్తనే ఉన్నవ్. ఇయ్యాల నీ కంటికి నువ్వే ఆనలేదా?" అంది లస్మవ్వ. తిట్టబోయినది మధ్యలోనే ఆగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో చీకట్లో తెలియలేదు.

మొదట కొమురయ్యే కదిలాడు. కుంటుకుంటూ తన బస్తా వెనక్కి తెచ్చి, మూతి కుట్టు విప్పి, చాట అడిగాడు. ఒక చాటెడు కొట్టం నేల మీద పోశాడు. తర్వాతివాడు బకెట్‌తో పోశాడు. కబురు బజారు దాటింది. మూడు బస్తాలు తీసుకుపోయిన ఆవిడ కూడా వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా, మూడో బస్తా గోడకు ఆనించి వెళ్లిపోయింది. చిమ్మచీకటి పడేదాకా మనుషులు వస్తూనే ఉన్నారు, తెల్లటి కుప్ప పెరుగుతూనే ఉంది. అది రెండు బస్తాలైందా, నాలుగైందా అని కొలవడం ఎవరికీ తోచలేదు. తెల్లారి లస్మవ్వ గంప ఎత్తింది, ఓదెలు వట్టికాళ్లతో చేలోకి దిగి మొదటి సాలు నుంచి చల్లుకుంటూ పోయాడు.